పోరంబోకు నొప్పి

శేషకుమారి పొత్తికడుపులో ఉన్న నొప్పి ఏ విభాగం కిందికి వస్తుందో తేల్చడానికి జిల్లా పెద్దాసుపత్రికి ఒక వేసవి మొత్తం పట్టింది. అసలు ఆ నొప్పి ఉందని లోకాన్ని ఒప్పించడానికి ఆమెకు పదేళ్ళు పైనే పట్టింది కాబట్టి, ఆసుపత్రివాళ్ళు ఆలస్యం చేశారనడం అన్యాయం.

ఆమె బస్సు కండక్టరు. ఎత్తు మనిషి, గట్టి గొంతు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు ఆమె ఒక్క కేకకి లోపలికి వచ్చి పెద్దమనుషుల్లా నిలబడేవాళ్ళు. కాని నెలలో ఆ నాలుగు రోజులూ ఆ గొంతు పలికేది కాదు. వెనక తలుపు దగ్గరి ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి నిలబడేది. కండక్టరు సీట్లో కూర్చుంటే లేవలేనేమోనని భయం.

పెళ్ళి కాకముందు ఒక డాక్టరు, పెళ్ళయితే తగ్గుతుందన్నాడు. పెళ్ళయింది. పిల్లలు పుడితే తగ్గుతుందని ఇంకొకరన్నారు. కూతురు పుట్టింది, నొప్పి కూతురితో పాటే పెరిగింది. తర్వాతాయన గ్యాస్ అన్నాడు. ఆ తర్వాతావిడ రెండు స్కానింగులు తీయించి, "అంతా నార్మలేనమ్మా, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు, ధ్యానం చెయ్యి" అంది. శేషకుమారి ధ్యానం కూడా చేసింది. కళ్ళు మూసుకుంటే నొప్పి ఇంకా స్పష్టంగా తెలిసింది, అంతే.

ఆమె భర్త బ్రహ్మయ్యకి బస్టాండు వెనక పంచర్ల కొట్టు ఉంది. నెమ్మదైన మనిషి. ఏ ట్యూబులో ఎక్కడ చిల్లుందో నీళ్ళలో ముంచి కనిపెట్టగలడు గాని, పెళ్ళాం ఎక్కడ చిల్లుపడి విలవిల్లాడుతోందో తెలియక, వేడినీళ్ళ సంచి నింపి పక్కన పెట్టి కూర్చునేవాడు.

ఒక ఉదయం, బస్సు ఊరు దాటి కాలవ వంతెన ఎక్కుతుండగా శేషకుమారి కడ్డీ వదిలేసి కిందికి జారిపోయింది. డ్రైవరు సాంబయ్య బ్రేకేశాడు. జనం మూగారు. ఎవరో సోడా అన్నారు, ఎవరో ఉల్లిపాయ అన్నారు. వాళ్ళని తోసుకుంటూ ఒక సన్నపాటి అమ్మాయి వచ్చి పక్కన చతికిలబడింది. రోజూ అదే బస్సులో పెద్దాసుపత్రికి వెళ్ళే డాక్టర్ రుక్సానా. స్కానింగు ఫిల్ములు చదివే ఉద్యోగం ఆమెది.

"అక్కా, నెలసరి రోజులేనా?" అని చెవిలో అడిగింది.

శేషకుమారి తలూపింది.

"ఈ రోజుల్లో దొడ్డికి వెళ్తే కత్తితో కోసినట్టు ఉంటుందా?"

శేషకుమారి కళ్ళు తెరిచి ఆమె వంక చూసింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. తనంతట తాను చెప్పడానికి సిగ్గేసింది. "నీకెట్టా తెలుసమ్మా?" అంది.

"ఎడమవైపు నడుం లాగుతుందా?"

"లాగుద్ది. కాలి దాకా లాగుద్ది. స్కానింగులన్నీ బాగున్నయ్యన్నారు గదా మరి?"

"మామూలు స్కానింగులో దొరక్కపోవచ్చు అక్కా. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిది బయట పెరుగుతుంది. కొందరిలో బాగా లోతుకి దిగి పక్కనున్నవాటికి అంటుకుంటుంది. ఎండోమెట్రియోసిస్ అంటారు. ఎమ్మారైలో చూస్తే ఎక్కడ అంటుకుంది, ఎంత లోతుకి పోయింది, అన్నీ తెలుస్తాయి. రేపు ఖాళీ కడుపుతో రండి."

మర్నాడు ఎమ్మారై గది బయట శేషకుమారి చెవిదిద్దులు తీసింది, మెట్టెలు తీసింది, గాజుకి తగిలించిన పిన్నీసుల గుత్తి తీసింది. తాళి దగ్గర చెయ్యి ఆగింది. అది పెద్ద అయస్కాంతం, లోహమేదీ లోపలికి రాకూడదని రుక్సానా చెప్పింది.

"తియ్యవే, నాకేం కాదులే" అన్నాడు బ్రహ్మయ్య. ఆమె తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండు చేతుల్లో మూసి గుండెకానించుకుని బెంచీ మీద కూర్చున్నాడు. నాకేం కాదన్నాడే గాని, ఆమె బయటికొచ్చేదాకా ఊపిరి కూడా ఆచితూచి పీల్చాడు.

పేగులు కదలకుండా ఒక ఇంజెక్షను చేసి ఆమెని సొరంగంలోకి పంపారు. లోపల చప్పుడు, ఘాటు రోడ్డు మీద డొక్కు బస్సు గేరు మార్చినట్టు. ఆ చప్పుడు శేషకుమారికి అలవాటే కాబట్టి కళ్ళు మూసుకుని పడుకుంది.

అయ్యాక రుక్సానా ఆమెని తెర ముందు కూర్చోబెట్టింది. "ఇది గర్భసంచి. దీని వెనక మలం దిగే పేగు. రెంటి మధ్యా ఖాళీ జాగా ఉండాలి. ఇక్కడ నల్లగా, గట్టిగా ఉంది చూశారా? ఇది గర్భసంచినీ పేగునీ కలిపి అతికించేసింది. ఎడమ కిడ్నీ నుంచి వచ్చే గొట్టాన్ని కూడా పక్కకి లాగేసింది."

శేషకుమారి వేలితో ఆ నల్లటి మచ్చని తాకింది. తెర అద్దం చల్లగా తగిలింది.

"ఉందన్నమాట" అంది.

"ఉందక్కా."

"నేను నటించలేదన్నమాట."

"నటిస్తున్నారని ఎవరన్నారు?"

"అననోళ్ళు ఎవరో అడగండి, తొందరగా చెప్పొచ్చు" అంది శేషకుమారి. అని, ఇన్నేళ్ళూ నొప్పికి ఏడవని మనిషి, నొప్పి బొమ్మని చూసి ఏడ్చింది.

ఆపరేషను చేయాలని, గొట్టం నొక్కుకుపోతే కిడ్నీ చప్పుడు చేయకుండా చచ్చిపోతుందని, ఎక్కువ రోజులు ఆగకూడదని రుక్సానా చెప్పింది. గర్భసంచి డాక్టరు, పేగుల డాక్టరు, మూత్రనాళాల డాక్టరు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర నిలబడి చేయాలంది. ముగ్గురూ ఆ ఆసుపత్రిలోనే ఉన్నారు. ముగ్గురూ పేరున్నవాళ్ళే. ఇక అడ్డేముంది అనుకుంది శేషకుమారి. ఆమెకు సూపరింటెండెంటు గారి సంగతి తెలియదు.

డాక్టర్ పరాంకుశరావు గారు ఆ మధ్య ఒక కొండ మీది రిసార్టులో యాజమాన్య నైపుణ్యాల శిక్షణ పొంది వచ్చారు. దిగి రాగానే 'ఏక రోగి - ఏక విభాగ' విధానాన్ని ప్రవేశపెట్టారు. రోగులు ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి తిరగడం వల్ల వరండాలు అరిగిపోతున్నాయని ఆయన కనుగొన్నారు. ఇకపై ఒక రోగి ఒకే విభాగానికి చెందాలి. కంప్యూటరులో ఆ విభాగం పేరు నమోదయ్యాక మిగతా విభాగాల డాక్టర్లు ఆ రోగిని తాకరాదు, ఆ రోగి ఫిల్ము తెరవరాదు, ఎదురుపడితే క్షేమసమాచారం అడగవచ్చు. 'రోగి బంతి కాదు, విభాగాలు కాళ్ళు కావు' అని గుమ్మం మీద పెద్ద బ్యానరు కట్టించారు.

ఆ బ్యానరు కింద నుంచి శేషకుమారి బంతిలా లోపలికి వెళ్ళింది.

స్త్రీల విభాగం పెద్ద డాక్టర్ విశాలాక్షి ఫిల్ము చూసి నిట్టూర్చింది. "నా పేరు మీద రాస్తే నేను పేగు ముట్టుకోకూడదమ్మా. పేగు ముట్టుకోకుండా దీన్ని తీయడం కుదరదు. దండపాణి గారి దగ్గరికి వెళ్ళు."

పేగుల సర్జన్ దండపాణి ఫిల్ముని వెలుతురుకి ఎత్తి పట్టాడు. "పేగు మీదికి వచ్చింది నిజమే. కాని పుట్టింది గర్భసంచి దగ్గర. పుట్టినచోటే కదా చూడాలి?"

మూత్రనాళాల నిపుణుడు శాస్త్రి గారు సగం వినే చెయ్యి అడ్డం పెట్టారు. "నా గొట్టం బాధితురాలమ్మా, నిందితురాలు కాదు."

మూడో గుమ్మం దిగేసరికి శేషకుమారికి ఒళ్ళు మండింది. రుక్సానాని వెంటబెట్టుకుని తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి నడిచింది. పరాంకుశరావు గారు అంతా విన్నారు. మొహం వికసించింది. ఆయన విధానానికి ఇంత యోగ్యమైన కేసు ఇంతవరకూ దొరకలేదు.

"సమస్య వ్యాధిలో లేదు, హద్దులలో ఉన్నది. హద్దులు తేలని యెడల విభాగము తేలదు. విభాగము తేలని యెడల చికిత్స తేలదు. కావున ఒక నిర్ధారణ సంఘమును నియమించుచున్నాను" అన్నారు.

"ముగ్గురినీ కలిసి చెయ్యమని మీరొక్క మాట చెప్తే సరిపోతుంది సార్" అంది రుక్సానా.

"అటుల చెప్పినచో విధానము ఏమగును?"

రుక్సానా చదివిన పుస్తకాల్లో విధానానికి వచ్చే జబ్బుల గురించి రాయలేదు.

అలా 'అంతర అవయవ సరిహద్దుల నిర్ధారణ సంఘం' పుట్టింది. అధ్యక్షులు పరాంకుశరావు గారు. సభ్యులు ముగ్గురు విభాగాధిపతులు. హద్దుల విషయంలో డాక్టర్లకు అనుభవం చాలదు కాబట్టి, పొలం గట్ల తగాదాల్లో జీవితమంతా గడిపిన విశ్రాంత తహసీల్దారు వీరభద్రయ్య గారిని సలహాదారుగా పిలిపించారు. ఆయన బుగ్గమీసాల పెద్దమనిషి. రిటైరయ్యాక ఇంట్లో ఎవరూ తన మాట వినక కుంగిపోయి ఉన్నారేమో, ఆసుపత్రి పంపిన కారు ఎక్కేటప్పుడే వయసులో పదేళ్ళు తగ్గారు.

మొదటి సమావేశంలో ఎమ్మారై బొమ్మని గోడ మీద పెద్దది చేసి వేశారు. వీరభద్రయ్య గారు లేచి, కర్రతో చూపిస్తూ మొదలుపెట్టారు.

"ముందర మూత్రాశయం. అది శాస్త్రి గారి పట్టా. మధ్యన గర్భాశయం, అమ్మగారి పట్టా. వెనక పేగు, దండపాణి గారిది. బాగుంది. మరి గర్భాశయానికీ పేగుకీ నడుమ ఈ లోతట్టు జాగా ఎవరిది?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అది ఖాళీ జాగా అని, ఎవరిదీ కాదని విశాలాక్షి నసిగింది.

"ఎవరి పట్టాలోనూ లేదు కదా? అయితే పోరంబోకు!" అని బల్ల గుద్దారు వీరభద్రయ్య గారు. "పోరంబోకులో లేచిన కట్టడానికి ఏ పట్టాదారూ బాధ్యుడు కాడు."

ముగ్గురు విభాగాధిపతులకీ ప్రాణం లేచొచ్చింది.

"సార్, అది మనిషి శరీరం" అంది మూలన కూర్చున్న రుక్సానా.

"శరీరమే కానివ్వు అమ్మాయీ. జాగా జాగానే."

తీర్మానం జరిగింది. పోరంబోకు జాగాకి ప్రభుత్వం తరఫున సూపరింటెండెంటు గారే సంరక్షకులు కాబట్టి, ఆక్రమణదారుకి నోటీసు వారి సంతకంతోనే వెళ్ళాలి. వెళ్ళింది.

ఆసుపత్రి అటెండరు ఆ కాగితం పట్టుకుని పట్టపగలు బస్సెక్కాడు. శేషకుమారి ముందు టిక్కెట్టు తీసుకోమంది. తీసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, నోటీసు పైకి చదవాలని తనకు ఉత్తర్వు ఉందని చెప్పి, నిండు బస్సులో చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, గర్భాశయమునకు వెనుక, పేగునకు ముందు గల పోరంబోకు జాగాను అనుమతి లేకుండా ఆక్రమించి, ఇరుగుపొరుగు అవయవములను కలుపుకొని శాశ్వత కట్టడము లేపిన కణజాలము, ఈ నోటీసు అందిన పదిహేను రోజులలోగా స్వచ్ఛందముగా ఖాళీ చేయవలెను. లేనియెడల చట్టరీత్యా చర్య తీసుకొనబడును."

డ్రైవరు సాంబయ్య అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"ఖాళీ చెయ్యకపోతే బుల్డోజరు తెస్తారా నాయనా?" అని అడిగింది ముందు సీట్లో ముసలమ్మ.

"అది రాయలేదండి" అన్నాడు అటెండరు. "ఆక్రమణదారు తరఫున సంతకం పెట్టమ్మా."

శేషకుమారికి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "పదేళ్ళ నించి నేను చెప్తానే ఉన్నా ఖాళీ చెయ్యమని. నా మాటే వినట్లా. మీ సూపరింటెండు మాట వింటదేమో చూద్దాం" అని సంతకం పెట్టి, తర్వాతి స్టాపులో అతన్ని దింపేసింది.

పదిహేను రోజుల్లో కణజాలం ఖాళీ చేయలేదు. జవాబు కూడా ఇవ్వలేదు. ఆ నెల నొప్పి మామూలుగానే వచ్చింది. రుక్సానా పట్టుబట్టి మళ్ళీ స్కానింగు తీస్తే ఎడమ కిడ్నీ ఉబ్బడం మొదలైందని తేలింది. ఆ మాట చెప్పిన రాత్రి బ్రహ్మయ్య అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు గాని తినలేదు.

"నాది ఒకటి ఇస్తాలేవే" అన్నాడు కాసేపటికి.

"దాన్ని ఏ విభాగంలో రాయాల్నో తేలేసరికి ఇద్దరం పోతాం, తిను" అంది శేషకుమారి. అన్నాక ఆమె కూడా తినలేదు.

ఇంతలో రాజధాని నుంచి ఒక వార్త వచ్చింది. ఆ ఏడాది అత్యంత క్లిష్టమైన కేసుకి చికిత్స చేసిన విభాగానికి పురస్కారం ఇస్తారట, శాలువాతో పాటు విభాగాధిపతి ఫోటో పెద్ద హాల్లో పెడతారట. ఆ సాయంత్రమే దండపాణి గారికి, వ్యాధి తీవ్రత అంతా పేగులోనే ఉన్నట్టు తోచింది. పుట్టిన చోటుకే హక్కు అని విశాలాక్షి గుర్తుచేసింది. బాధితురాలి తరఫున మాట్లాడే నైతిక హక్కు తనకే ఉందన్నారు శాస్త్రి గారు. నిన్నటిదాకా ఎవరికీ అక్కర్లేని జాగాకి ముగ్గురు వారసులు లేచారు.

"అయితే సంయుక్త తనిఖీ తప్పదు" అన్నారు వీరభద్రయ్య గారు ఉత్సాహంగా. "మళ్ళీ ఫిల్ము తీయండి. నా సమక్షంలో కొలిచి, ఎవరి వైపు ఎంత పడిందో తేల్చేస్తాను."

తనిఖీ రోజున ఎమ్మారై గది ముందు పెళ్ళివారిలా జనం చేరారు. గుమ్మం దగ్గర రుక్సానా నిలబడి ఒక్కొక్కరి దగ్గరా వాచీలు, తాళాలు, ఫోన్లు, పెన్నులు తీసుకుంది. శేషకుమారి గౌను వేసుకుని లోపల మూలనున్న స్టూలు మీద కూర్చుంది, ఇంకా బల్ల ఎక్కలేదు. వీరభద్రయ్య గారు తన జేబులన్నీ ఖాళీ చేశారు. చంకలో గుడ్డసంచి ఒకటి ఉందని మాత్రం చెప్పలేదు. అందులో కొలత గొలుసు ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి వాడిన ఇనుప గొలుసు.

"సంచిలో ఏముంది సార్?" అని రుక్సానా అడిగేలోపే ఆయన గడప దాటేశారు. "గొలుసు పడకుండా నా సంతకం చెల్లదమ్మా" అంటూ దాన్ని బయటికి తీశారు.

గొలుసు ఆయన చేతిలో ఒకసారి వణికింది. తర్వాత పాములా తల ఎత్తింది. తర్వాత యంత్రం వైపు ఎగిరింది. ప్రభుత్వ ఆస్తిని ప్రాణం పోయినా వదలరాదన్న శిక్షణలో పెరిగిన మనిషి కాబట్టి, వీరభద్రయ్య గారు గొలుసుని వదల్లేదు. గొలుసుతో పాటు తానూ వెళ్ళి, సొరంగం నోట్లోకి సగం దూరి, యంత్రాన్ని కావలించుకుని ఆగారు. ఆయన్ని పట్టుకోబోయిన పరాంకుశరావు గారు ఆయన పంచె పట్టుకున్నారు. పంచె మాత్రమే చేతికి వచ్చింది.

శేషకుమారి లేచి ఆ పంచె అందుకుని, మొహం పక్కకి తిప్పుకుని, పెద్దాయన మీద కప్పింది. తర్వాత స్టూలు మీద కూర్చుని, కడుపు పట్టుకుని, నొప్పి వస్తున్నా ఆపుకోలేక నవ్వింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. యంత్రం మాత్రం ఆగిపోయింది. బాగుచేసేవాళ్ళు దూరం నుంచి రావాలి, దసరా తర్వాత గాని కుదరదన్నారు.

మర్నాటి సమావేశంలో పరాంకుశరావు గారు గంభీరంగా తీర్మానం చదివారు. "సంయుక్త తనిఖీ అసంపూర్తిగా ముగిసినందున, యంత్రము పునరుద్ధరింపబడు వరకు ఈ వ్యవహారమును వాయిదా వేయడమైనది."

రుక్సానా లేచి నిలబడింది. "సార్, మనకి కావలసిందంతా మొదటి ఫిల్ములోనే ఉంది. ఎక్కడ అతుక్కుందో, ఎంత లోతో, ఏది కోయాలో, ఏది కాపాడాలో అన్నీ నేను రాసిచ్చాను. దసరా దాకా ఆ కిడ్నీ ఆగదు."

"మూత్రపిండము ఈ సంఘము పరిధిలోనికి రాదు" అన్నారు పరాంకుశరావు గారు.

అప్పుడు తలుపు దగ్గర బెంచీ మీద నుంచి శేషకుమారి లేచింది. డ్యూటీ నుంచి వచ్చిందేమో, ఖాకీ చొక్కాతోనే ఉంది. ఆ రోజు నొప్పి రోజు. కడ్డీ లేదు కాబట్టి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"తాసిల్దారు గారూ, ఒక మాట అడుగుతా. ఏ పట్టాలోనూ లేని జాగాలో ఒక మనిషి ఎన్నో ఏళ్ళ నించి కాపరముంటే, వాళ్ళనేమంటారు?"

"అనుభవదారు అంటాం" అన్నారు వీరభద్రయ్య గారు. నిన్నటి పంచె ఉపకారం వల్ల ఆమెతో మర్యాదగా మాట్లాడుతున్నారు.

"నేను ముప్పయ్యారేళ్ళ నించి ఈ ఒంట్లోనే కాపరముంటున్నా. పుట్టిన కాణ్ణించి. దీని నొప్పి పడ్డది నేను, దీంట్లో బిడ్డని మోసింది నేను, దీన్ని మోసుకుని రోజూ బస్సెక్కేది నేను. మీరొచ్చి పోరంబోకని బోర్డు పెట్టారు. ఇదిగో ఈయన వాటా, అదిగో ఆమె వాటా అని గొలుసేశారు. మజ్జన మనిషుందని ఒక్కరికన్నా తోచిందా? నన్నొక్క మాటన్నా అడిగారా?"

విశాలాక్షి తల వంచుకుంది. దండపాణి తన అరచేతులు చూసుకుంటున్నాడు.

వీరభద్రయ్య గారు మాత్రం కళ్ళజోడు సవరించుకున్నారు. సిగ్గుపడాల్సిన చోట ఆయనకు చట్టం గుర్తొచ్చింది. "అధ్యక్షా, ఆమె చెప్పింది న్యాయం. అనుభవం రుజువైంది కాబట్టి జాగా పోరంబోకు కాదు, ఆమె సొంతం. సొంత జాగాలో కట్టడం తీయించడానికి యజమాని ఎంతమంది కూలీలనైనా పెట్టుకోవచ్చు."

కూలీలు అన్న మాటకి శాస్త్రి గారు నొచ్చుకున్నారు గాని, విశాలాక్షి అప్పటికే లేచి నిలబడింది. "నా పేరు మీద రాయండి. మిగతా ఇద్దరూ నాతో వస్తారు."

"ఇతర విభాగముల వారికి రోగిని తాకు అధికారము లేదు. కంప్యూటరు ఒప్పుకొనదు" అన్నారు పరాంకుశరావు గారు. కాని హాలంతా తన వంకే చూస్తుండటంతో కాసేపు ఆలోచించారు. "అయినను, వారు సందర్శకులుగా రావచ్చును. సందర్శకులు రోగిని తాకరాదని ఎచ్చటను లేదు."

దండపాణి గారికీ శాస్త్రి గారికీ సందర్శకుల పాసులు రాశారు. సందర్శకుల వేళ సాయంత్రం నాలుగు నుంచి ఆరు. కాబట్టి ఆపరేషను కూడా నాలుగింటికే పెట్టారు.

ఆ రోజు ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ నిలబడ్డారు. ఎదురుగా రుక్సానా ఇచ్చిన ఫిల్ము తగిలించారు. నల్లటి మచ్చ ఫిల్ములో ఎక్కడుందో కడుపులోనూ అక్కడే ఉంది. శాస్త్రి గారు కిడ్నీ గొట్టాన్ని వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా విడిపించి, ఆరుకి ముందే పాసు చూపించి బయటికొచ్చేశారు. దండపాణి గారు పేగు ముక్క తీసి, చివరలు కలిపి కుడుతుండగా ఆరయింది.

ఈల ఊదుకుంటూ సెక్యూరిటీ అతను వచ్చి ఆపరేషను థియేటరు తలుపు కొట్టాడు. "టైమైపోయింది. విజిటర్లంతా బయటికి రావాలి."

"అయ్యా, లోపలున్నది పెద్ద డాక్టరు" అన్నాడు బయట నిలబడ్డ బ్రహ్మయ్య.

"ఎవరైతే నాకేంటి? పాసు మీద విజిటరని రాసుంది. ఆరు దాటితే నా ఉద్యోగం పోద్ది."

"ఆయన బయటికొస్తే మా ఆవిడ కడుపు తెరిచుండిద్ది గదయ్యా!"

"రేపు నాలుక్కి మళ్ళీ రానీ" అన్నాడతను. మొండితనంతో అన్నది కాదు, అతనికి అంతవరకే చెప్పారు.

బ్రహ్మయ్య గుడ్లనీళ్ళు కుక్కుకున్నాడు. చెయ్యి జేబులోకి పోయింది. అక్కడ అతని సొంత పాసు తగిలింది, రోగి తోడుగా ఉండేవాళ్ళకి ఇచ్చేది. ఒక్క మనిషికి, తెల్లవార్లూ చెల్లుతుంది.

"ఇదిగో. ఇది ఆయనకియ్యి. ఆయనే మా ఆవిడకి తోడు. నేను విజిటర్ని" అన్నాడు.

సెక్యూరిటీ అతను పాసు అటూ ఇటూ తిప్పి చూశాడు. లెక్క సరిపోయింది. నర్సుని పిలిచి పాసు లోపలికి పంపాడు. తర్వాత ఆరు దాటినా ఆవరణలో తిరుగుతున్న విజిటరు బ్రహ్మయ్యని భుజం పట్టుకుని గేటు బయటికి నడిపించాడు.

గేటు ఎదురుగా టీ బండి దగ్గర బ్రహ్మయ్య నిలబడ్డాడు. తాళి అతని గుప్పిట్లో ఉంది. టీ చల్లారిపోయింది. ఇంకోటి ఇచ్చాడు బండివాడు, అదీ చల్లారింది. చివరికి రుక్సానా పరుగున గేటు దాకా వచ్చి, ఊచల్లోంచి చెయ్యి ఊపింది. "అయిపోయింది బ్రహ్మయ్య గారూ! కిడ్నీ దక్కింది. అక్క బాగుంది!"

అతను ఊచల్లోంచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

పురస్కారం సరిహద్దుల నిర్ధారణ సంఘానికే వచ్చింది. శాలువా పరాంకుశరావు గారికి కప్పారు. వీరభద్రయ్య గారి సేవలు ఆసుపత్రికి శాశ్వతంగా అవసరమని గుర్తించి ఆయనకు ఒక గదీ బల్లా ఇచ్చారు. ప్రస్తుతం అక్కడ కాలేయానికీ పిత్తాశయానికీ గట్టు తగాదా నడుస్తోందని రుక్సానా బస్సులో చెబుతుంటుంది.

శేషకుమారి మూడు నెలలు సెలవు పెట్టి మళ్ళీ డ్యూటీలో చేరింది. జబ్బు తిరిగి రాదని రాసివ్వలేమని, ఏడాదికోసారి చూపించుకోమని విశాలాక్షి చెప్పింది. ఆమె సరేనంది.

ఒకరోజు మధ్యాహ్నం, కాలేజీ పిల్లలతో బస్సు కిటకిటలాడుతోంది. శేషకుమారి పొద్దుటి నుంచి అరుస్తూనే ఉంది. ముందుకి జరగండంది, చిల్లర తెమ్మంది, ఫుట్‌బోర్డు కుర్రాణ్ణి చెవి పట్టుకుని లోపలికి లాగింది. కాలవ వంతెన దాటాక జనం పలచబడ్డారు. అప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ నెలసరి రెండో రోజని.

చెయ్యి దానంతటదే పొత్తికడుపు మీదికి పోయింది. చిన్న బరువు ఉంది. అంతే. ఇంకేదైనా వస్తుందేమోనని కాసేపు కాచుకుంది. రాలేదు.

వెళ్ళి కండక్టరు సీట్లో కూర్చుంది. కిటికీ తెరిచింది. పంట కోసిన చేల మీంచి గాలి కొట్టింది.

సాంబయ్య అద్దంలోంచి చూసి కంగారుగా వేగం తగ్గించాడు. "ఏంటమ్మాయ్, కూర్చున్నావ్? నొప్పా?"

"కాదు బాబాయ్" అంది శేషకుమారి. "ఊరికే."